పిప్పిపన్ను – ముందుజాగ్రత్త

ఎద్దును కొనునప్పుడు నోరు తెఱచి పండ్లు చూడక మన రైతు పైకమియ్యడు. విత్తనములు కొనునప్పుడు పుచ్చుగింజలు కానవచ్చిన బేరము మానును. తన నోటిలోని పండ్లను, తన బిడ్డల పండ్లను మాత్రము నొప్పి పుట్టువఱకు చూచుకొనువాడు అరుదు. ఈ యశ్రద్ధ ఫలమును మేము స్వయముగా ననుభవించితిమి గావున ఈ నెల ఎరువుల సంగతి విడిచి పండ్లను గూర్చి వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట నాట్ల కాలమున చల్లని నీరు తగిలినంతనే మా దవడపన్ను జివ్వుమనుచుండెను. లవంగనూనెలో ముంచిన దూదిని పెట్టితిమి, తగ్గెను. మరల వచ్చెను, మరల లవంగనూనెయే. పిమ్మట నొకనాడు నొప్పి తనంతట తానే మాయమయ్యెను. కుదిరినదని సంతసించితిమి. నిజమునకు పంటిలోని నరము చచ్చినది. రెండు నెలలు గడవకమునుపే దవడ వాచి, జ్వరము వచ్చి, పది దినములు మంచము పట్టితిమి. తుదకు పన్నును తీయింపవలసి వచ్చెను. మొదటనే వైద్యుని చూచియున్నచో చిన్న రంధ్రమును పూడ్చుటతో ముగిసెడి పని యది.

పంటిని పురుగు తొలుచునని పల్లెలలో చిరకాలపు నమ్మిక కలదు. వాకుడుగింజల పొగ పట్టి పురుగులను రాల్తుమని చెప్పువారును గలరు. పంటిలో కంటికి కనబడు పురుగేదియు నుండదు. నోటిలోని సూక్ష్మజీవులు ఆహారమును పులియబెట్టి ఆమ్లము పుట్టించుననియు, ఆ యామ్లమే పంటిని కరగించుననియు 1890లో మిల్లరు అను దంతశాస్త్రజ్ఞుడు తన గ్రంథమున వివరించెను. 1924లో క్లార్కు అను శాస్త్రజ్ఞుడు పుచ్చిన పండ్లనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను జీవిని వేఱుచేసెను.

తోడువేసిన పాలు పులియునట్లే, పండ్లపై నంటుకొన్న పాచిలో తీపి పులియును. పంటి పైపొరయగు పింగాణి శరీరమున నన్నిటికంటె గట్టిది; నూటికి 96 పాళ్లు ఖనిజమే. అయినను, మట్టిపరీక్ష చీటీలో మీరు చూచు ఉదజని సూచిక పాచిలో సుమారు 5.5 కంటె దిగినచో అదియు కరగును. తీపి తిన్న కొద్ది నిమిషములకే యిట్లు దిగును. యథాస్థితికి వచ్చుటకు అరగంట మొదలు గంట పట్టును. అంతట ఉమ్మి కొంత ఖనిజమును తిరిగి చేర్చును. సంఘపు ఖాతావలె పంటికిని జమఖర్చులు గలవు. మాటిమాటికి తీపి తినువానికి జమకు వ్యవధి యుండదు.

మొదట సున్నమువంటి తెల్లమచ్చ కనబడును. ఈ దశలో నష్టము పూడవచ్చును. మచ్చ రంధ్రమై లోపలి మెత్తని భాగమును జేరినచో, చెదపట్టిన దూలమువలె పైన సూదిబెజ్జము, లోన గుల్ల. నరమునకు దగ్గరైనపిదపనే తఱచుగా నొప్పి తెలియును.

స్వీడను దేశమున వీపెహోల్మ్ ఆశ్రమములో జరిగి 1954లో ప్రకటింపబడిన పరీక్షయందు, భోజనముతో తిన్న తీపికంటె నడుమనడుమ తిన్న జిగట మిఠాయిలు మిక్కిలి చెఱుపు చేసినట్లు తేలెను. నిస్సహాయులపై వారి సమ్మతి లేక చేయుటచే ఆ పరీక్ష నింద్యము. అది తెలిపిన సత్యము మాత్రము విడువరానిది.

కావున సభ్యులు పాటింపవలసినవి:

1. తీపిని భోజనముతోనే తినుడు. పొలములో పలుమారు త్రాగు తీపి టీని తగ్గించుడు. పసిబిడ్డను పాలసీసాతో నిద్రింపనీయకుడు.

2. దినమునకు రెండుమారులు, ముఖ్యముగా పండుకొనుటకు ముందు, ఫ్లోరైడు గల పేస్టుతో తోముడు. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆఱేండ్ల వఱకు బఠాణీగింజంత చాలును. మ్రింగక ఉమ్మివేయ నేర్పుడు.

3. వేపపుల్ల మంచిదే, మెత్తగా నమలి లోపలి వైపులను గూడ తోమవలెను. అయినను అది ఫ్లోరైడునకు బదులు కాదు. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక పింగాణిని అరగదీయును.

4. సుమారు ఆఱవ యేట పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకయే, ఒక దవడపన్ను మొలచును. అది శాశ్వతదంతము. పాలపన్నని యెంచి దాని నుపేక్షింపకుడు.

5. ఫ్లోరైడు మితముగా మేలు, మీఱిన కీడు. నాటి నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడువలన కలుగు వ్యాధిని వైద్యులు 1937లోనే ప్రకటించిరి. నల్లగొండ బాధలు మనమెఱిగినవే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు త్రాగరాదు. అట్టి యూళ్ల పిల్లలకు పేస్టు విషయమున వైద్యుని యడుగవలెను.

పశువు మేసిన పైరు మరల చిగుర్చును. పెద్దవాని పన్ను ఊడినచో మరల మొలవదు. ఈ రాత్రి దీపము చేతబట్టి మీ బిడ్డలను నోరు తెఱువుమనుడు. తెల్లమచ్చగాని నల్లమచ్చగాని కనబడెనా, నొప్పికై వేచియుండక వైద్యుని యొద్దకు కొనిపొండు. మేము వేచియుండి చెడితిమి, మీరట్లు చేయవలదు.