మిక్సీ ఆగిపోయిందా? ముందు ఇవి చూడండి

సంతబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్లలో మిక్సీ ఆగిపోతే సంచిలో పెట్టుకుని టెక్కలికి బయలుదేరుతాం. చార్జీలు, ఒక పూట పని, ఆపైన మరమ్మతు ఖర్చు. తీరా చూస్తే చాలాసార్లు అది ఇంట్లోనే సరిచేసుకోదగ్గ లోపం.

మొదట అదే సాకెట్లో వేరే వస్తువు పెట్టి చూద్దాం. కరెంటు ఉందో లేదో తేలిపోతుంది.

మన వంటకు తట్టుకునే ‘సుమీత్’ మిక్సీని ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ తెచ్చారు. అయినా ఏ మోటారుకైనా ఒక హద్దు ఉంటుంది. ముదురు కొబ్బరి, నానిన పప్పు నీళ్లు చాలకుండా గట్టిగా రుబ్బితే అది వేడెక్కుతుంది. కాలిపోకుండా ఓవర్‌లోడ్ స్విచ్ కరెంటును ఆపేస్తుంది. చాలా మిక్సీలకు అది అడుగున చిన్న బటన్‌లా ఉంటుంది. ప్లగ్గు తీసి, జార్ పక్కన పెట్టి, మిక్సీ బాగా చల్లారాక ఆ బటన్ నొక్కండి. జార్లో సరుకు సగం తగ్గించి మళ్లీ వేయండి.

మోటారు తిరుగుతున్నా బ్లేడు కదలకపోతే కప్లర్ పళ్లు అరిగాయేమో చూడండి. ఆ చిన్న ముక్క మారిస్తే చాలు. జార్ బోర్లించి కింది కప్లర్‌ను తిప్పినప్పుడు బిగుసుకుపోయి ఉంటే లోపం జార్‌దే. జార్ ఒక్కటే బాగుకు ఇవ్వండి.

కాలిన వాసన, పొగ, షాక్ ఉంటే మాత్రం విప్పవద్దు. వెంటనే ప్లగ్గు తీసి మెకానిక్‌కే అప్పగించండి. డబ్బు కన్నా ఇంట్లో మనిషి ప్రాణం విలువైనది.

ఏమేం పరీక్షించామో మెకానిక్‌కు చెబితే ఆయనకు పని సులువవుతుంది, మనకు అనవసరపు ఖర్చు తప్పుతుంది.