తుక్కు ఫ్రేములో రోడ్ బైక్ ఉంది!

‘ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో మీరు సొంతంగా తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి.’ ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న దగ్గరే చాలామందికి గొంతు తడారిపోతుంది. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నలుగురూ తలా కొంత వేసుకుని కొన్న కిట్టు, దాంతోపాటే చేతికొచ్చిన రిపోర్టు, వైవా ముందురోజు రాత్రి బట్టీ పట్టిన నాలుగు పేరాలు. అందులో మనం తీసుకున్న నిర్ణయం ఏముంటుంది, బైండింగ్ రంగు తప్ప!

ప్రాజెక్టు అలా అయిపోయినవాళ్లకీ, ఇంకా మొదలుపెట్టనివాళ్లకీ ఓ సలహా. ఒక పాత రోడ్ బైక్ ఫ్రేమ్ సంపాదించండి. దాన్ని మళ్లీ రోడ్డెక్కించండి. అదే కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, సన్న టైర్లు, గేర్లు ఉండే సైకిలు. 1970, 80ల్లో తయారైన స్టీల్ ఫ్రేములు హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతల్లో, సైకిల్ షాపుల అటకల మీద, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఇప్పటికీ అప్పుడప్పుడూ కంటపడుతుంటాయి. ఎమ్మెస్‌కు బయటి దేశం వెళ్తే ఇంకా తేలిక. కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ క్యాంపస్‌లో అయితే విద్యార్థులే నడిపే ‘బైక్ బార్న్’ అనే సైకిల్ షాపే ఉంది.

ఒకటి ముందే చెప్పేస్తా. డబ్బు ఆదా కోసం అయితే ఈ పని పెట్టుకోవద్దు. నేను కొన్న ఫ్రేమ్ 1,500 రూపాయలు. సైకిల్ పూర్తయ్యేసరికి లెక్క 16 వేలు దాటింది, అందులో సగం చక్రాలే తినేశాయి. ఆ డబ్బుకి కొత్త గేర్ సైకిల్ వస్తుంది. కానీ కొత్త సైకిల్ మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగదు.

బేరానికి ముందు దారం తీయండి

ఫ్రేమ్ కనబడగానే రంగు, స్టిక్కర్ చూసి మురిసిపోకండి. హ్యాండిల్ పైపు కిందుగా, ముందు గొట్టాలు కలిసేచోట వేలితో తడమండి. అక్కడ చర్మం ముడతపడినట్టు ఉబ్బుగా తగిలితే ఆ సైకిల్ ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దిందన్నమాట. వదిలేయండి. పెడళ్ల దగ్గరి జాయింట్లలో సన్న పగుళ్లున్నా అంతే. ‘గేటు వెల్డింగ్ షాపులో అతికించేద్దాం’ అనుకుంటారేమో, మంచి రోడ్ ఫ్రేముల్లో గొట్టం గోడ మధ్యలో అర మిల్లీమీటరు మందమే ఉండొచ్చు. చాలావాటికి జాయింట్లు ఆర్క్ వెల్డింగ్‌తో కాదు, లగ్ అనే తొడుగులో పెట్టి ఇత్తడితోనో వెండి మిశ్రమంతోనో బ్రేజింగ్ చేసినవి. ఆర్క్ తగిలితే చిల్లు పడుతుంది.

తర్వాత దారం పరీక్ష. వెనక చక్రం కూర్చునే ఒక గాడికి దారం కట్టి, ముందు హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో గాడికి బిగించండి. మధ్యలో సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఫ్రేమ్ పక్కకు ఒరిగినట్టే. రూపాయి దారంతో అలైన్‌మెంట్ ఇన్‌స్పెక్షన్ అయిపోయింది.

సీటు పైపు కదులుతోందో లేదో తప్పక చూడండి. స్టీల్ గొట్టంలో అల్యూమినియం పైపు, మధ్యలో ఏళ్ల తరబడి చెమట, వాన నీళ్లు. గాల్వానిక్ కరోజన్ అని మీరు ఫస్టియర్ కెమిస్ట్రీలో రాసిన ఆన్సరే ఇక్కడ గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. వేడి చేస్తే వదులుతుందనుకుంటాం. కానీ అల్యూమినియం స్టీల్ కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అంటే మొత్తాన్ని వేడిచేస్తే ఇంకా బిగుస్తుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు ఆగి, పైపును ఐస్‌తో చల్లబరిచి తిప్పి చూడాలి. కొత్త పైపు పెట్టేటప్పుడు గ్రీజు రాయడం ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అసలు ఆట కొలతల్లోనే

నేను కొన్న ఫ్రేమ్ మీద పేరూ ఊరూ లేదు. ఎవరో పచ్చ రంగు పూసేశారు. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో మనందరం విసుక్కుంటూ పట్టుకున్న వెర్నియర్ కాలిపర్సే. వెనక గాడుల మధ్య దూరం 126 మి.మీ. వచ్చింది. రోడ్ బైకుల్లో 120 అంటే మామూలుగా ఐదు గేర్ల కాలం, 126 అంటే ఆరు లేదా ఏడు, 130 అంటే ఎనిమిది, ఆ పైన. ఒక్క కొలతతో సైకిల్ వయసు ఉజ్జాయింపుగా తెలిసిపోయింది.

ఇప్పుడు షాపుల్లో దొరికే రోడ్ చక్రాలు ఎక్కువగా 130వి. డిస్క్ బ్రేకువి ఇంకా వెడల్పు, వాటి జోలికి పోవద్దు. మరి 4 మి.మీ. తేడా ఎలా? స్టీల్ కాబట్టి అటు రెండు, ఇటు రెండు మి.మీ. జాగ్రత్తగా వంచవచ్చు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో గీసిన స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్ గుర్తుందా? రెండు మిల్లీమీటర్లు వంచి వదిలితే మళ్లీ వెనక్కే వచ్చేస్తుంది. యీల్డ్ పాయింట్ దాటాలంటే అంతకంటే చాలా ఎక్కువ తొయ్యాలి, కొద్దికొద్దిగా, ప్రతిసారీ దారంతో సరిచూసుకుంటూ. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల మీద మాత్రం ఈ ప్రయోగం చేయొద్దు, విరుగుతాయి.

ఇక పెడళ్ల మధ్య ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫ్రేమ్‌లో ఆ గొట్టం వెడల్పు 68 మి.మీ. ఉంటే ఇంగ్లిష్ రకం కావచ్చు, ఫ్రెంచ్ కూడా కావచ్చు. 70 ఉంటే ఇటాలియన్. ఇంగ్లిష్‌లో థ్రెడ్ 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. దీన్ని మెకానిక్కులు బీఎస్‌ఏ థ్రెడ్ అంటారు. అవును, మన లేడీబర్డ్, ఎస్ఎల్ఆర్ సైకిళ్ల మీద ఉండే బీఎస్‌ఏనే. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అంటే ఒకప్పటి తుపాకుల కంపెనీ!

ఇంగ్లిష్ రకంలో చైన్ వైపు కప్పుది రివర్స్ థ్రెడ్. మా వీధి చివరి మెకానిక్ అన్న నా చేతిలోని పానా చూసి, ‘‘జోర్ జెయ్యకు తమ్మీ, అది ఉల్టా చూడీ’’ అన్నాడు. ఆయన చదివింది ఏడో తరగతి. ఎందుకు ఉల్టా అంటే మాత్రం నవ్వి, ‘‘అది మీరు చెప్పాలె, ఇంజినీర్లు గదా’’ అన్నాడు. న్యాయమే.

చెప్పడానికి ఒక గాజు, ఒక పెన్ను చాలు. గాజును బల్ల మీద కదలకుండా పట్టుకుని, లోపలి అంచు వెంట పెన్నును దొర్లించండి. పెన్ను గాజు లోపల కుడివైపు చుట్టి వస్తుంటే, తన చుట్టూ తాను ఎడమవైపు తిరుగుతుంది. కొంచెం వదులుగా కూర్చున్న రెండు భాగాల మధ్య బరువు దిశ గుండ్రంగా తిరిగితే ఇదే జరుగుతుంది. దీన్నే ప్రిసెషన్ అంటారు. ఎడమ పెడల్‌కు రివర్స్ థ్రెడ్ పెట్టిందీ ఇందుకే. బేరింగ్ ఘర్షణను మాత్రమే లెక్కేస్తే పెడల్ మరోవైపు విప్పుకోవాలని అనిపిస్తుంది. మెకానికల్ ఇంటర్వ్యూలో తెలివిగా పడేది అక్కడే. ఇటాలియన్ రకంలో రెండు వైపులా మామూలు థ్రెడ్డే, అందుకే చైన్ వైపు కప్పును చాలా గట్టిగా బిగించకపోతే వదులవుతుంది.

అదృష్టం బాగుంటే పాత కప్పు మీదే ‘1.37 x 24’ అనో ‘36 x 24’ అనో అచ్చు ఉంటుంది. రెండోది ఇటాలియన్. గ్రీజు తుడిచి చూడండి.

26 అంటే ఎంత?

టైర్ల దగ్గర పేర్లను నమ్మొద్దు. మన పాత డబుల్ బార్ సైకిల్ ‘28’ టైరు రిమ్ముపై కూర్చునే వ్యాసం 635 మి.మీ. పాత రోడ్ బైకుల ‘27’ది 630. ఇప్పటి రోడ్ బైకుల 700సీ అయితే 622. ఇక ‘26’ అని పిలిచేవాటిలో ఒకటి 590, ఇంకొకటి 559! అందుకే టైరు పక్కన ‘28-622’ లాంటి అచ్చు చదివి కొనాలి. మొదటిది టైరు వెడల్పు, రెండోది ఈ వ్యాసం. ఫ్రేమ్ 27 కోసం చేసిందైతే, 700సీ చక్రం పెడితే రిమ్ము 4 మి.మీ. కిందికి వస్తుంది. బ్రేకు రబ్బరు అంతదాకా దిగుతుందా లేదా చూసుకున్నాకే చక్రాలకు డబ్బు పెట్టండి. సీఎస్ఈ వాళ్లకు ఇదంతా ఎక్కడో విన్నట్టుంటుంది. ఒక లైబ్రరీ వెర్షన్ మారిస్తే ఇంకో మూడు విరగడం లాంటిదే, కాకపోతే ఇక్కడ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే డబ్బు వాపసు రాదు.

గేర్ల లెక్క మీరే వేయండి. పెడళ్ల దగ్గర 52, 42 పళ్ల చక్రాలు, వెనక 14 నుంచి 28 పళ్ల ఫ్రీవీల్ అనుకుందాం. 28 మి.మీ. టైరు వేసిన 700సీ చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.14 మీటర్లు వెళ్తుంది. నిమిషానికి 80 సార్లు తొక్కితే 42-28 గేర్‌లో గంటకు 15 కి.మీ. పైచిలుకు, 52-14లో 38. మీ కాళ్లకి, మీ ఊరి ఎత్తుపల్లాలకి ఏది నప్పుతుందో చూసి ఫ్రీవీల్ ఎంచుకోండి. ‘ఎందుకు ఎంచుకున్నారు’ అనే ప్రశ్నకు జవాబు ఈ పేరాలోనే ఉంది.

పాత చైన్ ఉంచాలా, పారేయాలా అన్నదానికీ కొలతే. 24 పిన్నుల దూరం కొత్తదాంట్లో 304.8 మి.మీ. ఉంటుంది. 306 దాటిందంటే మార్చే టైం. 308కి చేరితే ఫ్రీవీల్ పళ్లను కూడా అరగదీసే ఉంటుంది.

రెజ్యుమేలో ఎలా?

మొదటిరోజు నుంచే ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి. భాగం పేరు, కొలిచిన సైజు, ఏ స్టాండర్డ్, ఎక్కడ కొన్నారు, ధర, ఎందుకు ఇదే. కంపెనీల్లో దీన్నే బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటారు. ప్రతి దశలో ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఇంటర్వ్యూ గదిలో ఫోన్ తీసి చూపించాల్సి రావచ్చు.

హాబీల్లో ‘సైక్లింగ్’ అని ఒక్క ముక్క పడేస్తే పని దండగ. ప్రాజెక్టుల కిందే రాయండి, అంకెలతో: ‘1980ల నాటి స్టీల్ ఫ్రేమ్‌ను 126 నుంచి 130 మి.మీ.కు కోల్డ్ సెట్ చేసి, బీఎస్‌ఏ బాటమ్ బ్రాకెట్, 700సీ చక్రాలతో పునర్నిర్మించాను.’ ఈ ఒక్క వాక్యంలో కనీసం ఐదు ప్రశ్నలు దాగున్నాయి. ఐదింటికీ జవాబు మీ వేళ్లకు తెలుసు. సైకిల్ కట్టినంత మాత్రాన ఆఫర్ లెటర్ వస్తుందని నేను అనడం లేదు. ఆప్టిట్యూడ్ రౌండ్ దాటడానికి ఇదేమీ సాయపడదు, దాని ప్రిపరేషన్ దానిదే. టెక్నికల్ రౌండ్లో మీరు మాట్లాడేందుకు మీ సొంత విషయం ఒకటి ఉంటుంది, అంతే.

చక్రాల బెండు తీయడం మాత్రం మొదటిసారి మెకానిక్ పక్కన కూర్చుని నేర్చుకోండి, వీడియో చూసి కాదు. ఏ పుల్ల ఎంత బిగువుగా ఉందో ఆయన వేలితో మీటి, శబ్దంతో చెప్పేస్తాడు. కూలి డబ్బులు ఇచ్చే నేర్చుకోండి.

మొదటి రైడు ఖాళీ సందులోనే, హెల్మెట్ పెట్టుకుని. ముందు బ్రేకు, తర్వాత వెనక బ్రేకు, ఆ తర్వాతే గేర్లు. ఓ 50 కి.మీ. తిరిగేసరికి కొత్త కేబుళ్లు సర్దుకుని వదులవుతాయి, మళ్లీ బిగించాలి. ఆ 50 కి.మీ. అయ్యేదాకా 15 మి.మీ. పానా ఒకటి బ్యాగులో ఉంచుకోండి.