దేవదాసు అంటే ఎవరు?

ఒక కుర్రాడు గడ్డం పెంచుకుని దిగులుగా కూర్చున్నాడు. మార్కాపురంలో గానీ, గిద్దలూరులో గానీ వాణ్ణి చూసి ఏమంటారు? "ఏందిరా, దేవదాసు మాదిరి అయిపోయినావు?" అంటారు. పిల్ల కాదన్నదని అందరికీ తెలిసిపోతుంది.

దేవదాసు అంటే దేవుడికి దాసుడు. అంతే. ఆ మాటలో ప్రేమా లేదు, గడ్డమూ లేదు! మరి ఈ అర్థం ఎలా వచ్చింది?

శరత్ చంద్ర ఛటర్జీ అనే రచయిత బెంగాలీలో ఒక నవల రాశాడు. అది 1917లో అచ్చయింది. అందులో కథానాయకుడి పేరు దేవదాసు. ఆ కథే 1953లో తెలుగు సినిమాగా వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి. గడ్డం, చేతిలో సీసా, పక్కన కుక్క. ఆ బొమ్మ జనం మనసులో నిలిచిపోయింది. మనిషి పేరు కాస్తా మాట అయింది.

కానీ ఒక సంగతి చూడండి. కథలో ముందుగా కాదన్నది పార్వతి కాదు. రాత్రిపూట అతని గదికి వచ్చి, పెళ్లి చేసుకోమని తనే అడిగింది. పెద్దలకు జంకినవాడు దేవదాసే. తర్వాత ఆమెను వయసు మళ్లిన జమీందారుకు ఇచ్చి చేశారు.

కాబట్టి పిల్ల ఇష్టపడని కుర్రాడికి ఈ పేరు సరిగా అతకదు. దానికి మనవాళ్లు 'వన్ సైడ్ లవ్' అంటున్నారు. అదే సరైన మాట.

ముందుగా అడిగి కాదనిపించుకున్నది పార్వతి. అయినా దిగులుపడ్డ ఆడపిల్లను చూసి "పార్వతి మాదిరి అయినావేమే" అని ఎవరూ అనరు.