హేతువును పరీక్షించడం: తత్త్వశాస్త్ర అధ్యయన పద్ధతి

మదనపల్లెలో 1915లో అనిబిసెంట్ ప్రారంభించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో రవీంద్రనాథ ఠాగూర్ అతిథిగా వచ్చారు. విద్యార్థులు, అధ్యాపకులు కలిసి కూర్చున్న సాయంకాల సమావేశంలో జనగణమన పాడి వినిపించారు. అలాంటి చిన్న కళాశాలలో తత్త్వశాస్త్రం చదివేవారికి ఒక సౌకర్యం ఉంటుంది. ఒక మాట అనగానే ఎదురుగా ఉన్నవారు 'ఎందుకు?' అని అడుగుతారు. దూరవిద్యలో ఆ ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. దానికి న్యాయదర్శనంలోని పంచావయవ వాక్యం మంచి సాధనం.

మీది వేంపల్లె అనుకోండి. అప్పు తెచ్చి బోరు వేయించాలని ఇంట్లో మాట నడుస్తోంది. ఆ వాదనను ఇలా విడదీయవచ్చు.

1. ప్రతిజ్ఞ: మన చేలో బోరు వేస్తే నీళ్లు పడతాయి.
2. హేతువు: పక్క చేలో పడ్డాయి కనుక.
3. ఉదాహరణ: నీళ్లు పడిన చేనికి పక్కనున్న ప్రతి చేలోనూ నీళ్లు పడతాయి, ఫలానా రెండు చేలల్లో అలాగే జరిగింది.
4. ఉపనయం: మన చేను కూడా అలాంటి చేనికి పక్కనే ఉంది.
5. నిగమనం: కాబట్టి మన చేలోనూ నీళ్లు పడతాయి.

వాదన బలమంతా మూడో అవయవంలో ఉంది. హేతువు ఉన్న ప్రతిచోటా సాధ్యం కూడా ఉండాలి. ఈ నియమమే వ్యాప్తి. మంచి బోరు పక్కనే ఎండిన బోరు ఒక్కటి కనిపించినా వ్యాప్తి చెడుతుంది. అప్పుడు ఆ హేతువును 'సవ్యభిచారం' అంటారు.

ఎందుకు చెడింది? ఈ ప్రాంతపు రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు వేంపల్లె పేరే పెట్టారు. వాటిలో డోలమైట్ రాయి ఎక్కువ. గట్టి రాతిలో నీరు పగుళ్లలోనే నిలుస్తుంది. కనుక నీళ్లు పడటానికి అసలు కారణం పక్క చేను కావడం కాదు, కింద నీరున్న పగులు ఉండటం. వాదనలో చెప్పకుండా దాగిన ఇలాంటి షరతును నైయాయికులు 'ఉపాధి' అన్నారు.

ఒకటి గమనించండి. నీళ్లు పడవని తర్కం చెప్పలేదు. అప్పు చేయడానికి ఈ ఒక్క కారణం చాలదని మాత్రమే చెప్పింది. ఇక ఏం విచారించాలో కూడా చూపింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 'పోయినేడు శనగకు మంచి ధర వచ్చింది, కాబట్టి ఈ ఏడూ వస్తుంది.' ఈ వాదనను ఐదు అవయవాలుగా రాసి, దాగిన ఉపాధిని గుర్తించండి. రాసినదాన్ని ఇంట్లో ఒకరికి చదివి వినిపించి, తప్పు పట్టమనండి.