బాలికలు కూర్చిన చిన్న ఉపగ్రహము

పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది. అచ్చటినుండి నింగికెగిరిన యొక చిన్న యంత్రమును గూర్చి మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును నాలుగు మాటలు చెప్పదలచితిమి. దాని పేరు ఆజాదీశాట్. అందలి పరికరములు బడిపిల్లలు కూర్చినవి.

స్వాతంత్ర్యము వచ్చి 75 ఏండ్లు నిండిన సందర్భమున, చెన్నపట్టణమందలి స్పేస్ కిడ్జ్ ఇండియా యను సంస్థ 75 ప్రభుత్వ పాఠశాలలనుండి 750 మంది బాలికలను ఈ పనికి చేర్చుకొనెను. వారు సుమారు 50 గ్రాముల బరువుగల 75 పరికరములను సిద్ధపఱచిరి. వాని నిముడ్చుకొన్న ఉపగ్రహము 8 కిలోగ్రాములు తూగెను. తెలుగు విద్యార్థుల కిట్టి పని క్రొత్త గాదు. హైదరాబాదు, బెంగుళూరు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు కలసి నిర్మించిన స్టడ్‌శాట్, కిలోగ్రామునకు లోబడిన బరువుతో, 2010 జూలై 12న శ్రీహరికోటనుండియే వెడలెను.

ఉపగ్రహము క్రిందపడక యేల నిలుచును? మంచెమీదనుండి వడిసెలతో విసరిన రాయి కొంతదూరము పోయి నేలబడును. వేగము హెచ్చినకొలది దూరమును హెచ్చును. గాలి దాదాపు లేని యెత్తున, గంటకు 27 వేల కిలోమీటర్లకు మించిన వేగముతో విసరగలిగినచో, అది పడుచున్నను భూమియు గుండ్రముగా వంగిపోవుచుండుటచే నేలనంటక చుట్టును తిరుగుచుండును. ఈ వేగమున నూటికొక పాలు తగ్గినను ముప్పే.

2022 ఆగస్టు 7న అట్లే జరిగెను. ఆనాడు ఎస్.ఎస్.ఎల్.వి. యను క్రొత్త రాకెట్టు తొలిసారి యెగిరెను. రెండవ అంతస్తు విడిపోవునప్పటి యదురునకు, వేగపు మార్పును కొలుచు సాధనములు క్షణకాలము తప్పు చూపగా, రాకెట్టులోని కంప్యూటరు వానిని చెడినవిగా నెంచెను. 356 కిలోమీటర్ల యెత్తున గుండ్రని మార్గమునకు బదులు, ఒకచోట 76 కిలోమీటర్ల వఱకు దిగు కోలమార్గమున ఉపగ్రహములు చేరెను. అంత దిగువను గాలి యడ్డగించును గనుక అవి నిలువలేక రాలిపోయెను. 750 మంది పిల్లల శ్రమ యొక్క పూటలో పోయెను.

ప్రయోగము తప్పినప్పుడు, తాము చూచినది విడిచి పుస్తకమందలి ఫలితమునే వ్రాసికొను విద్యార్థులను మేము పలుమాఱు చూచితిమి. ఇస్రోవారు అట్లు చేయలేదు. తప్పెక్కడ జరిగెనో వెదకి, లోకమునకు తెలిపి, దానిని సవరించిరి. 2023 ఫిబ్రవరి 10న అదే జాతి రాకెట్టు, 8.7 కిలోగ్రాముల ఆజాదీశాట్-2ను 450 కిలోమీటర్ల యెత్తున చక్కగా నిలిపెను. రేడియో వార్తలు పంపుటయు, అంతరిక్షమందలి రేడియేషనును కొలుచుటయు దానికప్పగించిన పనులలోనివి.

తలిదండ్రులారా, మీ కుమార్తె చేసిన యంత్రము మొదట పనిచేయనిచో, "నీకేల యీ పని" యనకుడు. ఎక్కడ తప్పెనో అడుగుడు. విద్యార్థులారా, తప్పిన లెక్కను చెఱిపివేయక, దాని ప్రక్కనే సరియైనది వ్రాయుడు. మేము రెంటిని చూచియే మార్కులు వేసెదము.