అందరూ సరేనన్నప్పుడు

కొన్నేండ్ల క్రిందట మేమెరిగిన ఒక సహకార సంఘపు సమావేశములో మాదిరి నూలు చిలప ఒకటి చేతినుండి చేతికి తిరిగినది. అది 80 కౌంటు నూలని తెచ్చినవారు చెప్పినారు. ముందు వరుసలోని పెద్దలు నలుగురు వ్రేళ్ళతో నలిపి చూచి సరియైనదే అన్నారు. తరువాతివారు కూడ అదే మాట అన్నారు. మా చేతికి వచ్చినప్పుడు అది 60కి మించదని మాకు తోచినది. అయినను మేము కూడ తల ఊపినాము. తీర్మానము ఏకగ్రీవముగా ఆమోదింపబడినది. ఆ సాయంత్రము టీ దుకాణము వద్ద చేరినవారిలో నలుగురైదుగురు "నాకు అప్పుడే అనుమానము తగిలినది సుమా!" అన్నారు. అప్పటికి బయానా ఇచ్చివేయుట కూడ అయిపోయినది. లావు నూలు అదే తూకమునకు తక్కువ పొడవు వచ్చును గనుక, అనుకొన్నన్ని పడుగులు దిగలేదు. నష్టము అందరమును పంచుకొన్నాము.

దీనిని పిరికితనమని కొట్టివేయుట సులభమే గాని, అంతమాత్రముతో సంగతి తేలదు. నలుగురు ఒక మాట అన్నప్పుడు ఐదవవాని కన్ను ఏమగునో పరీక్షించి చూచినవారున్నారు. ఆ పరీక్ష కొలతకు సంబంధించినది. మన వృత్తి అంతయు కొలతయే. కాబట్టి కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

సాలమన్ ఆష్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి కొద్ది సంవత్సరములలో అమెరికా కళాశాలలలో ఈ పరీక్షలు జరిపినాడు. ఏడెనిమిదిమంది విద్యార్థులను ఒక గదిలో కూర్చుండబెట్టి రెండు అట్టలు చూపుదురు. ఒకదానిమీద ఒక గీత, రెండవదానిమీద మూడు గీతలు ఉండును. ఆ మూడింటిలో మొదటి గీతకు సమానమైనది ఏదో వరుసగా అందరును పైకి చెప్పవలెను. చిన్నపిల్లవాడు కూడ చెప్పగల లెక్క! ఒంటరిగా చెప్పినవారు నూటికి ఒక్కసారి కూడ తప్పలేదు. కాని గదిలో ఉన్నవారిలో ఒక్కడు మాత్రమే నిజముగా పరీక్షకు వచ్చినవాడు. తక్కినవారు ముందే మాట్లాడుకొని వచ్చినవారు. పదునెనిమిది తడవలలో పన్నెండు తడవలు వారందరును కూడబలుకుకొని ఒకే తప్పు చెప్పుదురు. మనవాని వంతు వచ్చునది దాదాపు చివర.

ఇట్లు పరీక్షింపబడినవారు 123 మంది. ఆ పన్నెండు తడవల జవాబులలో నూటికి సుమారు 37 గుంపుతోపాటు తప్పిపోయినవే. నాలుగవవంతుమంది మాత్రము ఒక్కసారియైనను లొంగలేదు. తరువాత అడుగగా, లొంగినవారిలో కొందరు తమ కన్నే మోసపోయినదనుకొన్నామన్నారు. మరికొందరు పక్కవారు పొరబడుచున్నారని తెలిసియు, నలుగురిలో వేరుపడుట ఇష్టములేక ఊరకున్నామన్నారు. ఈ రెండును ఒకటి కావు. మొదటివాడు ఎదుటివారి తెలివిని నమ్మి తనను శంకించుకొన్నాడు. రెండవవాడు తెలిసికూడ "నలుగురితో నారాయణ" అన్నాడు. నూలు చిలప పట్టుకొన్న మేము ఏ రకమో ఇప్పటికిని మాకే స్పష్టముగా తెలియదు. బహుశః రెండును కలిసియుండును.

ఆష్ అంతటితో ఆగలేదు. ఎదుట ఒక్కడే ఉన్నచో వాని తప్పు ఎవరికిని అంటలేదు. ఇద్దరున్నప్పుడు కొంత అంటినది. ముగ్గురు కాగానే దాదాపు పూర్తి బలము వచ్చినది. ఆపైన ఎందరు చేరినను పెద్ద తేడా లేదు. ముందు వరుసలో నలుగురు పెద్దలుండుటయే చాలునన్నమాట. మరి గుంపులో ఒక్కడు నిజము పలికినచో? లొంగిపోవుట నాలుగవవంతునకు పడిపోయినది. ఇంకను చిత్రము, ఆ ఒక్కడు చెప్పినది వేరొక తప్పే అయినను మనవానికి నోరు వచ్చినది. జవాబును పైకి చెప్పక కాగితముమీద వ్రాయుమన్నప్పుడు కూడ తప్పులు బాగా తగ్గినవి. ఈ లెక్కలు అన్ని కాలములకు, అన్ని దేశములకు ఒక్కటే అనుకొనరాదు. పదునేడు దేశములలో ఇట్లే జరిగిన పరీక్షలను 1996లో ఇద్దరు పరిశోధకులు కలిపి చూడగా, అమెరికాలో ఈ లొంగుబాటు 1950 నాటికంటె తగ్గినదనియు, కట్టుబాటు ఎక్కువగానున్న సమాజములలో ఎక్కువగానున్నదనియు తేలినది. కులపు కట్టు, సంఘపు కట్టు ఎరిగిన మనము ఏ పక్షమో చెప్పనక్కరలేదు.

అడిగినప్పుడు ఒప్పుకొనుట వేరొక దారి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1966లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, జాగ్రత్తగా కారు నడుపుడను వికారమైన పెద్ద బోర్డును ఇంటిముందు నాటనిత్తురా అని గృహస్థులను అడిగినారు. నేరుగా అడిగినప్పుడు ఒప్పుకొన్నది నూటికి సుమారు 17 మంది. అదే విషయముపై చిన్న చీటీ ఒకటి పెట్టుకొనుటకు రెండు వారముల ముందు ఒప్పుకొన్నవారిలో 76 మంది సరేనన్నారు. "ఈ పండుగకు మాత్రము చీరకు కొంచెము తగ్గించి నేయుము" అని షావుకారు అడుగుట, పండుగ పోయిన తరువాత ఆ తగ్గిన మజూరీయే రేటుగా నిలిచిపోవుట మనలో ఎవరికి తెలియదు?

ఇక ఆజ్ఞ. స్టాన్లీ మిల్‌గ్రామ్ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో 1961లో పరీక్షలు మొదలుపెట్టినాడు. పట్టణములోని సాధారణ పురుషులను పిలిచి నాలుగున్నర డాలర్లు ఇచ్చి, పక్కగదిలోనివాడు పాఠము తప్పినప్పుడెల్ల 15 వోల్టుల చొప్పున పెంచుచు విద్యుత్తు తగిలింపుమన్నారు. నిజముగా ఎవరికిని తగులలేదు, పక్కగదివాడు నటుడు. 1963లో ప్రకటించిన మొదటి పరీక్షలో 40 మందిలో 26 మంది చివరి మీటయగు 450 వోల్టులవరకు పోయినారు. చెమటలు పట్టినవారు, వణకినవారు, ఆపుదుమా అని అడిగినవారు అందులోనివారే. వారిది క్రూరత్వము కాదు. పక్కన నిలిచిన అధికారి శాంతముగా కొనసాగింపుమన్నాడు, అంతే. ఆ అధికారి గదిలోనుండి పోయి టెలిఫోనులో చెప్పినప్పుడు చివరకు పోయినవారు అయిదవవంతు మాత్రమే. పక్కన కూర్చున్న ఇద్దరు మేము చేయమని లేచినప్పుడు 40 మందిలో నలుగురు మాత్రమే మిగిలినారు. మనుష్యులను ఇట్లు మోసగించుట తప్పని ఈ పరీక్షలను ఖండించినవారు కలరు. పలువురు ఇది నాటకమని పసిగట్టియుందురని జీనా పెర్రీ అను ఆస్ట్రేలియా రచయిత్రి 2012లో పాత కాగితములు చూచి వ్రాసినది. ఆ మాట కూడ లెక్కలోనికి తీసికొనవలసినదే.

మా ఎరుకలోని ఆ సంఘము తరువాత రెండు మార్పులు చేసినది. ధరల విషయములో చేతులెత్తుట మాని చీటీలు వేయుదురు. అభిప్రాయము చెప్పునప్పుడు వెనుక వరుసలోని చిన్నవారు ముందు, పెద్దలు చివర. ఇందుకు పెద్దలలో ఒకరిద్దరు కొన్నాళ్ళు అలిగినారు కూడ.

పోయిన సంవత్సరము మరల నూలు మాదిరి వచ్చినది. ఎవరును ముట్టకమునుపే వెనుకనుండి ఒక కుర్రవాడు లేచి, "840 గజముల చిలపలు ఎన్ని కలిసి పౌను తూగునో అదే గదా కౌంటు? త్రాసు తెప్పించండి, బాబాయిగారూ" అన్నాడు. గదిలో కొంతసేపు ఎవరును మాట్లాడలేదు. త్రాసు వచ్చువరకు చిలప బల్లమీదనే ఉన్నది.