మూత తీయడానికి ముందు పావుగంట

బక్రీద్ నాడు మధ్యాహ్నం దాటిందంటే మన వంటిళ్ళకు ఒకే ప్రశ్న పదే పదే చేరుతుంది: "అయ్యిందా?" పొయ్యి ఆర్పిన మరుక్షణమే డేగిసా మూత తీయించేది ఈ ప్రశ్నే. మాంసం ఎంత లేతదైనా, మసాలా ఎంత సమపాళ్ళలో పడినా, ఈ తొందర వంటను చెడగొడుతుందని మా అభిప్రాయం. వండే ఇల్లాలికి ఈ సంగతి తెలియనిది కాదు. తెలియవలసింది దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నవారికి.

'దమ్' అనే పారశీక పదానికి ఊపిరి అని అర్థం. కచ్చే గోష్త్ బిర్యానీలో పెరుగు, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి నానబెట్టిన పచ్చి మాంసంపై సగం ఉడికిన అన్నం పరచి, అంచు చుట్టూ పిండిముద్దతో మూత బిగిస్తాం. మంట ఆరిన తర్వాత కూడా లోపల పని సాగుతూనే ఉంటుంది. లేచిన ఆవిరి మూతకు తగిలి, నీరై, తిరిగి అన్నంలోకి దిగుతుంది. 15 నుంచి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే మెతుకు కుదురుకొని గరిటెకు విరగకుండా నిలుస్తుంది. వెంటనే తెరిస్తే ఆవిరి గదిపాలు, మెతుకులు నూకలపాలు.

నిండు తొడను కాల్చి వండే రాన్ విషయంలో ఈ విరామం మరీ అవసరం. వేడికి మాంసపు నారలు ముడుచుకొని తమలోని నీటిని బయటికి నెడతాయి. అప్పుడే కత్తి పెడితే ఆ రసమంతా పళ్ళెంలో మడుగు కడుతుంది. కాస్త చల్లారనిస్తే, నారల మధ్యనున్న పొరలు కరగగా వచ్చిన జిగురుతో రసం చిక్కబడి ముక్కలోనే చాలావరకు నిలుస్తుంది. ఈలోగా పైభాగపు వేడి లోపలికి ప్రయాణిస్తూనే ఉంటుంది కనుక, మధ్యభాగం మరికొంత ఉడుకుతుంది. పైన ఎర్రగా వేగితే రసం లోపలే బంధింపబడుతుందన్న మాట తరచూ వింటుంటాం; అది నిజం కాదు.

అన్నిటికీ ఈ నియమం వర్తించదు. పత్తర్ కా గోష్త్, సీఖ్ కబాబ్ వంటి పలుచని వాటిని నిప్పు మీద నుంచి నేరుగా పళ్ళెంలోకి తీసుకోవడమే మేలు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె హజ్రత్ అస్మా (రజి) సరీద్ వండినప్పుడు, దాని పొగలు తగ్గేవరకు మూతపెట్టి ఉంచేవారు. అందులో శుభం అధికమని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆమె తెలిపినట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. తినుబండారంపై ఊదడం మనకు వారించబడిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆగి తినేవారికి ఊదే అవసరమే రాదు.

అయితే విరామమంటే నిమిషాలే, గంటలు కాదు. తెల్లవారుజామున వండిన వలీమా దేగులు మధ్యాహ్నం దాకా నులివెచ్చగా పడి ఉండటం మనం చూస్తూనే ఉంటాం. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు. వేడి 60 డిగ్రీలకన్నా తగ్గితే తిరిగి మొలకెత్తి పెరుగుతాయి. వాసనలోనూ రుచిలోనూ తేడా తెలియకపోవచ్చు. అతిథులకు ఆలస్యమయ్యేటట్లయితే సన్నని సెగపై వేడిగానే ఉంచాలి. మిగిలినదాన్ని రెండు గంటలలోపే వెడల్పాటి పళ్ళేలలో పలుచగా పరచి ఫ్రిజ్‌లో పెట్టాలి. లోతైన గిన్నెలో అలాగే పెడితే నడిమి భాగం చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది.

ఇక ఆ పావుగంట సంగతి. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు కుటుంబీకుల పనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దస్తర్‌ఖాన్ పరచడం, ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోయడం, నీళ్ళు పెట్టడం మగవారూ పిల్లలూ చేయగలిగిన పనులే. పొద్దుటి నుంచి పొయ్యి ముందు నిలబడిన ఇల్లాలు ఈలోగా వుజూ చేసుకొని నిదానంగా జుహర్ నమాజు ముగించుకోవచ్చు. మూత ఆమె వచ్చాకే తీయండి.